డోర్నకల్ పరిచారకుడు

(బి.ఎస్సీ. చివరి సంవత్సరం విద్యార్థి)

మన సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం గురించి రాయమని మిత్రులు అడిగినప్పుడు, నా తోటి సైన్సు విద్యార్థులు సి.వి. రామన్ గురించో, యల్లాప్రగడ సుబ్బారావు గురించో రాస్తామన్నారు. నేను బిషప్ అజరయ్య గారి గురించి రాస్తానంటే ఒకరిద్దరు నవ్వారు. సైన్సు చదివేవాడికి బిషప్పుతో ఏం పని అన్నారు. నిజమే. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ఒక చీపురుకట్ట సంగతి చెప్పాలి.

నేను మూసాపేటలో మా మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటున్నాను. మా సొంత ఊరు డోర్నకల్ దగ్గర. మూడెకరాల చెలక, ఎకరం పొలం. మిరప, పత్తి, చెరువులో నీళ్లుంటే వరి. మూసాపేటలో మెట్రో రైలు దిగి లోపలి సందుల్లోకి పోతే, మేము ఆదివారం వెళ్లే చిన్న ప్రార్థన మందిరం ఉంది. పైన రేకులు, కింద బండలు. అక్కడికి వచ్చేవాళ్లు చాలామంది పల్లెల నుంచి బతుకుదెరువుకు వచ్చినవాళ్లే. బాలానగర్ ఫ్యాక్టరీలలో పనిచేసి రిటైరైనవాళ్లు, తాపీమేస్త్రీలు, కైత్లాపూర్ దారిన హైటెక్ సిటీకి పోయి ఆఫీసులు ఊడ్చే ఆడవాళ్లు, అటువంటి ఆఫీసుల్లోనే కంప్యూటర్ల ముందు కూర్చునే వాళ్ల పిల్లలు - అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు.

ఆ మందిరంలో ఒక పెద్దాయన ఉన్నాడు. అందరం తాత అంటాం. ఆరాధన తొమ్మిదింటికైతే ఆయన ఏడింటికే వస్తాడు. ఊడుస్తాడు, చాపలు పరుస్తాడు, కుండలో మంచినీళ్లు నింపుతాడు. ఆరాధన అయ్యాక అందరూ వెళ్లిపోయినా ఆయన మాత్రం చాపలు చుడుతూ ఉంటాడు. ఎవరైనా జబ్బుపడితే ఆ వారం వాళ్లింటికి పోయి తలుపు తట్టేది కూడా ఆయనే. పోయిన ఏడు ఆయన మోకాళ్లు పట్టేశాయి. ఇకనుంచి కుర్రవాళ్లు వంతులవారీగా ఆ పని చేయాలని అయ్యగారు చెప్పి, నా పేరు కూడా చదివారు. నేను లేచి పరీక్షలున్నాయని చెప్పాను. అది అబద్ధం. పరీక్షలకు ఇంకా రెండు నెలలు ఉంది.

నా మనసులో ఉన్నది వేరు. మా ముత్తాత నిజాం కాలంలో దొరల గడీలో వెట్టిచాకిరి చేసినవాడు. వాకిలి ఊడ్చినవాడు, కబురు మోసినవాడు, కూలి అడిగే హక్కు లేనివాడు. ఆ సంగతులు మా నాయనమ్మ చెబుతూంటే విని పెరిగాను. మూడు తరాల కష్టం మీద ఒక పిల్లవాడు కాలేజీ దాకా వస్తే, వాడి చేతికి మళ్లీ చీపురా? ఇది నా ఉడుకుమోతు ప్రశ్న. ఫోనులో మా నాయనతో ఆ మాటే అన్నాను. ఆయన నన్ను తిట్టలేదు. డోర్నకల్ గుడి ఆవరణలో సమాధి అయి ఉన్న అజరయ్య గారు బిషప్ కాకముందు ఏమయ్యారో తెలుసుకోమని మాత్రం అన్నాడు. ఆ మాట పట్టుకుని నాలుగు పుస్తకాలు తిరగేశాను. ఇది మతప్రచారం కోసం రాసింది కాదు. ఇతర మతాల మిత్రులు కూడా ఒక మనిషి కథగానే దీన్ని చదవాలని మనవి.

పరిచారకుడంటే ఎవరు?

అజరయ్య గారు బిషప్ కాకముందు గురువు. గురువు కాకముందు డీకను. మన తెలుగు బైబిలులో ఈ డీకనుకు వాడిన మాట పరిచారకుడు. సేవచేసేవాడు, వడ్డించేవాడు అని ఆ గ్రీకు మాటకు అర్థం.

ఈ పని పుట్టిన సందర్భం అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయంలో ఉంది. గొడవ వచ్చింది దేవుడి గురించి కాదు, అన్నం గురించి. యెరూషలేములోని తొలి సంఘంలో రోజూ దిక్కులేనివాళ్లకు భోజనం పంచేవారు. అందులో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు సరిగా అందడం లేదని సణుగుడు మొదలైంది. మనవాళ్లు, పైవాళ్లు అనే భేదం అప్పుడే వచ్చిందన్నమాట. అపొస్తలులు ఏడుగురు మంచిపేరున్నవారిని ఎన్నుకోమని సంఘానికే చెప్పారు. పంక్తిలో ఎవరి విస్తరీ ఖాళీగా ఉండకుండా చూడటం వాళ్ల పని. ఆ ఏడుగురిలో మొదటివాడు స్తెఫను. తర్వాత రాళ్లదెబ్బలతో ప్రాణం విడిచిన తొలి హతసాక్షి ఆయనే. రోమా పత్రిక చివర పౌలు ఫీబే అనే స్త్రీని కూడా పరిచారకురాలనే పరిచయం చేశాడు. అంటే ఈ పని మగవాళ్ల సొత్తు కూడా కాదు.

కాలక్రమంలో ఒక్కో సంఘంలో ఇది ఒక్కో రకంగా మారింది. ఒంగోలు, నల్లగొండ ప్రాంతాల బాప్టిస్టు సంఘాలలో డీకన్లంటే ఊరి సంఘం ఎన్నుకునే పెద్దలు. వాళ్లు వ్యవసాయమో, టీచరు ఉద్యోగమో చేసుకుంటూనే సంఘం లెక్కలు, బీదల బాగోగులు, ప్రభురాత్రి భోజనం ఏర్పాట్లు చూస్తారు. ఆంగ్లికన్ సంఘంలో మాత్రం గురువు కాబోయే ప్రతివాడూ ముందు కొంతకాలం డీకనుగా ఉండాలి. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది, అది నాకు నచ్చింది. గురువైనా, బిషప్పయినా, మొదట పొందిన డీకను అభిషేకం రద్దు కాదు. పై మెట్టు ఎక్కినా కింది మెట్టు ఆయన కాళ్ల కిందే ఉంటుంది. అజరయ్య గారి జీవితం ఈ ఒక్క సంగతికి వ్యాఖ్యానంలాగా ఉందని నాకు తోచింది.

తాటిచెట్ల ఊరి నుంచి

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874 ఆగస్టు 17న తమిళ దేశంలో తిరునల్వేలి ప్రాంతంలోని వెళ్లాళన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం ఆ ఊరి సంఘ గురువు. తల్లి ఎలెన్. చాలా ఏళ్ల ఎదురుచూపు తర్వాత పుట్టిన మగబిడ్డ. వాళ్లది నాడార్ కులం. తాటిచెట్టుతో బతుకు ముడిపడిన కులం, ఒకప్పుడు దేవాలయం గడప తొక్కనివ్వని కులం. తండ్రి 1889లో పోయారు. అప్పటికి అజరయ్యకు పదిహేనేళ్లు. తల్లి అండతో చదువు సాగింది.

మిషన్ బడుల్లో చదివి మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి వచ్చారు. తీసుకున్నది గణితం. ఈ సంగతి మన సైన్సు మిత్రులు గమనించాలి. అయితే డిగ్రీ చేతికి రాకుండానే ఆయన కాలేజీ వదిలారు. చివరి పరీక్షల సమయంలో జబ్బుచేసింది, తర్వాత మళ్లీ కూర్చోలేదు. 1895లో యువజన క్రైస్తవ సంఘం, అంటే వై.ఎం.సి.ఏ.లో కార్యదర్శిగా చేరి, దక్షిణాది ఊళ్లన్నీ తిరుగుతూ విద్యార్థుల మధ్య పద్నాలుగేళ్లు పనిచేశారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను పెళ్లిచేసుకున్నారు. దక్షిణ దేశపు క్రైస్తవ స్త్రీలలో కాలేజీ గడప తొక్కిన తొలితరం ఆవిడది.

1902లో సింహళంలోని జాఫ్నాకు వెళ్లడం ఆయన బతుకును మలుపు తిప్పింది. అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో తమవాళ్లనే వేరే ప్రాంతాలకు సేవకు పంపుతున్నారు. తెల్లవాళ్ల జీతం లేదు, అజమాయిషీ లేదు. ఇది చూసి ఆయనకు సిగ్గేసిందట. మన సంఘం ఇన్నేళ్లూ చేయి చాచి పుచ్చుకోవడమే తప్ప ఇవ్వడం నేర్చుకోలేదు గదా అనిపించింది. తిరిగొచ్చి 1903లో మిత్రులతో కలిసి తిరునల్వేలి భారతీయ మిషనరీ సంఘం పెట్టారు. 1905 డిసెంబరు 25న శ్రీరాంపూర్‌లో కె.టి. పాల్ మొదలైనవారితో కలిసి జాతీయ మిషనరీ సంఘాన్ని స్థాపించారు. వంగ విభజనతో దేశం అట్టుడుకుతున్న ఏడాది అది. భారతీయుల చేతులు, భారతీయుల డబ్బు, భారతీయుల పెత్తనం - ఇవే ఆ సంఘం సూత్రాలు.

తిరునల్వేలి సంఘం సేవకు ఎంచుకున్న ప్రాంతం నిజాం రాజ్యంలో ఆగ్నేయ మూలన ఉన్న డోర్నకల్. సింగరేణి బొగ్గు బండ్లు వచ్చి కలిసే రైలు జంక్షను. చుట్టూ అడవి, చిరుతల భయం, మలేరియా.

గుడారం కాపురం

ఊళ్లలో ఉపన్యాసాలిచ్చి ఇతరులను అడవికి పొమ్మని చెప్పడం సులువు. కొన్నాళ్లకు ఆ మాట తనకే తగిలింది. 1909లో, ముప్పై అయిదేళ్ల వయసులో, ఆయన పెద్ద ఉద్యోగం వదిలి డీకనుగా అభిషేకం పొందారు. ఆ ఏడాది చివరికి గురువై, భార్యాపిల్లలతో డోర్నకల్ చేరారు. అభిషేకం ఇచ్చింది మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్. ప్రసిద్ధ గణితజ్ఞుడు, తత్త్వవేత్త ఆల్‌ఫ్రెడ్ నార్త్ వైట్‌హెడ్‌కు ఈయన స్వయానా అన్న. లెక్కల డిగ్రీ పూర్తిచేయని ఒక తమిళుడికి లెక్కల మహామహుడి అన్న ఆప్తుడు కావడం నాకు చిత్రంగా అనిపించింది.

మొదట్లో ఇల్లు లేదు, గుడారంలోనే కాపురం. ముప్పై అయిదేళ్లకు తెలుగు అక్షరాలు దిద్దుకున్నారు. మనం ఇరవై ఏళ్లకు రెండో భాష నేర్చుకోవాలంటేనే బద్ధకిస్తాం. ఆయన మాత్రం ఆ భాషలోనే పల్లెపల్లెలో మాట్లాడే స్థాయికి వచ్చారు. ప్రయాణం ఎద్దుబండి మీద, బండి పోని చోట కాలినడకన. మా ఊరి వైపు వానాకాలం రేగడి ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ బురదలో బండి చక్రం దిగబడితే ఏ గురువైనా దిగి తోయవలసిందే.

ఎడింబరో నుంచి కలకత్తా దాకా

1910 జూన్‌లో స్కాట్లండు దేశపు ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. పన్నెండు వందల మంది ప్రతినిధులలో ఆసియావాసులు ఇరవై మంది కూడా లేరు. వాళ్లలో అజరయ్య గారు ఒకరు. విదేశీ సేవకులకు, స్వదేశీ సేవకులకు మధ్య సహకారం ఎలా ఉండాలన్నది ఆయనకిచ్చిన విషయం. పొగడ్తలు చెప్పి కూర్చుంటే అందరూ చప్పట్లు కొట్టేవారు. ఆయన అలా చేయలేదు. మిషనరీల త్యాగాన్ని ఒప్పుకుంటూనే, వాళ్లు మాతో యజమానుల్లాగా ఉంటున్నారు తప్ప స్నేహితుల్లాగా లేరని, కలిసి కూర్చుని భోంచేయడం కూడా అరుదేనని నిండు సభలో చెప్పారు. మాకు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, ఇక కావలసింది స్నేహం అన్నది ఆ ప్రసంగ సారాంశం. సభలో కొందరు నొచ్చుకున్నారు, కొందరు తలలు దించుకున్నారు. యెరూషలేములో సణుగుడు వచ్చింది భోజనాల పంక్తి దగ్గరే. ఎడింబరోలోనూ ఆ పంక్తి దగ్గరికే వచ్చి నిలిచింది.

రెండేళ్ల తర్వాత, 1912 డిసెంబరు 29న, కలకత్తాలోని సెయింట్ పాల్ కెథడ్రల్‌లో ఆయనను డోర్నకల్ బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే. ఇది సులువుగా జరగలేదు. నల్లవాడి చేతికింద తెల్ల గురువులు ఎలా పనిచేస్తారని ఇంగ్లీషు మిషనరీలలో కొందరు అడ్డుపడ్డారు. విచారించవలసిన సంగతేమంటే, ఆయన పుట్టిన ప్రాంతం క్రైస్తవులలో కొందరు కూడా కులం తలంపుతో వద్దన్నారు. వైట్‌హెడ్ పట్టుదల లేకపోతే అది ఆగిపోయేదే.

మొదట చిన్న అధ్యక్ష మండలం. 1920 తర్వాత కృష్ణా తీరపు మిషన్ ప్రాంతాలు కూడా చేరి అది పెద్దదయింది. దానితో ఇంగ్లీషు గురువులు ఆయన కింద పనిచేయవలసి వచ్చింది, చేశారు కూడా. డిగ్రీ లేని ఆయనకు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం 1920లో గౌరవ డాక్టరేటు ఇచ్చింది. పరీక్ష తప్పిన మిత్రులకు ఇది ధైర్యం చెప్పే మాటే గాని, చదువు మానేయమని నేను అనడం లేదు!

నాలుగు దయ్యాలు, పిడికెడు బియ్యం

డోర్నకల్ సంఘంలోకి వచ్చినవాళ్లు చాలావరకు మాల, మాదిగ కులాల వ్యవసాయ కూలీలు. అక్షరం లేదు, భూమి లేదు, మెడమీద వెట్టి. అలాంటివాళ్లకు సేవ గురించి చెప్పడం ఎట్లా? తరాల తరబడి ఊరందరికీ చాకిరి చేసినవాడికి, ఇంకా చాకిరి చేయి నాయనా, దేవుడు సంతోషిస్తాడు అని చెబితే అది ఎంత క్రూరంగా ఉంటుంది! ఈ వ్యాసం మొదట్లో నేనడిగిన చీపురు ప్రశ్న ఇదే. అజరయ్య గారు దీనికి ఉపన్యాసంతో కాక పనితో జవాబు చెప్పారని నా అభిప్రాయం.

ఒకటి, ఆయన నాలుగు దయ్యాల మీద యుద్ధం ప్రకటించారు. అవి మురికి, జబ్బు, అప్పు, తాగుడు. ఊడ్చడం దొర వాకిలి కోసం కాదు, నీ గుడిసె కోసం, నీ పిల్లల ఒంటి కోసం. ఎవరి వాకిలి అన్నదాన్ని బట్టే ఆ పనికి విలువ. మిషన్ బడులు, దవాఖానాలు, సహకార సంఘాలు, చేతివృత్తుల శిక్షణ అన్నీ ఈ నాలుగింటి మీద పోరాటంలో భాగాలే.

రెండు, పుచ్చుకునేవాణ్ణి ఇచ్చేవాణ్ణి చేశారు. మా పల్లెల్లో ఇప్పటికీ కొన్ని ఇళ్లలో పిడికెడు బియ్యం అలవాటు ఉంది. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా అమ్మ ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారం నాడు అది గుడికి పోతుంది. కోతల పండుగకు కొత్త వడ్లు, గుమ్మడికాయలు, కోడిపుంజులు, కొబ్బరికాయలు తెచ్చి పీఠం ముందు పెడతారు. తర్వాత వేలంపాట. చిన్నప్పుడు నాకు అందులో కోడిపుంజు వేలమే ఇష్టం. ఇవ్వడం గురించి అజరయ్య గారు ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు. కూలికి పోయి గింజలు తెచ్చుకునే మనిషి తన గింజల్లోంచి పిడికెడు తీసి పెట్టిన రోజున వాడు బిచ్చగాడు కాడు, దాత అవుతాడు. ఆ పిడికెడుతో కడుపు నిండేది ఎవరిదైనా, నిటారుగా అయ్యేది ఇచ్చినవాడి వెన్నెముక.

మూడు, పనిని అందరికీ పంచారు. ఊరూరా సంఘ పెద్దలు, పల్లెబడి పంతుళ్లు ఉండేవారు. ఆ పంతులే పగలు అక్షరాలు చెప్పేవాడు, సాయంత్రం ప్రార్థన నడిపేవాడు, రాత్రి తగాదాలు తీర్చేవాడు. డోర్నకల్‌లో సేవకులకు శిక్షణ ఇచ్చినప్పుడు వాళ్ల భార్యలకు కూడా చదువు చెప్పారు. ఈ వైపు పని అన్బు అమ్మగారు నడిపించారు. తల్లుల సంఘాన్ని పల్లెల్లోకి తీసుకుపోయింది ఆవిడే. బాప్తిస్మం పొందే ప్రతి మనిషీ తన చేయి తన తలమీదే పెట్టుకుని, ఇతరులకు సువార్త చెప్పడం నా బాధ్యత అని ఒట్టుపెట్టుకునే పద్ధతి ఆ మండలంలో ఉండేది. గురువు నెత్తిన భారం వేసి జనం చూస్తూ కూర్చునే సంఘం కాదు ఆయన కోరుకున్నది. 1941 నాటికి ఆ మండలంలో సంఘ సభ్యులు రెండు లక్షలు దాటారు. ఇంతమందిని ఒక బిషప్ చూసుకోలేడు. చూసుకున్నది ఊరూరా ఉన్న, పేర్లు ఎక్కడా అచ్చుకాని, చాపలు పరిచే మనుషులే.

గాంధీజీతో పేచీ

ఆయన జీవితం చెప్పి ఈ సంగతి దాటవేస్తే న్యాయం కాదు. 1935లో అంబేద్కర్ హిందూ మతం వదులుతానని ప్రకటించాక, మతం మార్పిడి మీద దేశంలో పెద్ద చర్చ లేచింది. చదువురాని హరిజనులకు మతాల తేడా తెలియదని, వాళ్లను మార్చడం తగదని గాంధీజీ వాదన. బీదవాడికి కూడా బుద్ధి ఉందని, తన బతుకును తాను ఎంచుకునే హక్కు ఉందని అజరయ్య గారి వాదన. ఇద్దరూ ఖద్దరును, స్వదేశీని గౌరవించినవాళ్లే, ఇద్దరూ తాగుడును ద్వేషించినవాళ్లే. అయినా ఈ ఒక్క చోట కలవలేదు. క్రైస్తవులకు వేరే నియోజకవర్గాలు అక్కర్లేదని, దేశప్రజల నుంచి విడిపోవడం మాకు మంచిది కాదని అజరయ్య గారు నమ్మారన్నది కూడా గుర్తుంచుకోవాలి. వీళ్లలో ఎవరిది ఒప్పు అని తేల్చే వయసు, చదువు నాకు లేవు. అయితే ముత్తాత వెట్టి చేసిన ఇంట్లో పుట్టినవాడిగా, బీదవాడికి బుద్ధి ఉందన్న మాట దగ్గర నేను కాసేపు ఆగాను.

ఆయన చేయలేకపోయినవి కూడా ఉన్నాయి. సంఘంలో మాల, మాదిగల మధ్య దూరం ఆయన కాలంలో పోలేదు, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఒకే పాత్రలోంచి రొట్టె తీసుకున్న చేతులు పెళ్లి సంబంధాల దగ్గరికి వచ్చేసరికి వెనక్కి పోతాయి. ఇది మా ఇళ్లలోని తప్పు, దాన్ని బిషప్ ఖాతాలో వేసి మేము తప్పించుకోలేము.

గుడి, సమాధి

మెదక్ గుడిని చూడనివాళ్లు మన కాలేజీలో తక్కువ. కరువు రోజుల్లో పనికి అన్నం పెట్టి కట్టించి, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన గుడి అది. ఆకాశంలోకి లేచిన సీమ గోపురం. డోర్నకల్ గుడిది వేరే రూపం. దూరం నుంచి చూస్తే గుమ్మటాలు, మినార్లతో మసీదులా ఉంటుంది. దగ్గరికి పోతే రాతిస్తంభాలు, తామరపూలు - దేవాలయ మండపంలా ఉంటుంది. లోపల సిలువ ఉంటుంది. మూడు మతాల మధ్య బతికే నిజాం రాజ్యపు రైతుకు పరాయిది అనిపించకూడదని అలా కట్టించారు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి, డబ్బు చాలక పని ఏళ్ల తరబడి సాగింది. చివరికి 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది.

మిషన్ల పేరుతో చీలిన సంఘాలన్నీ ఒకటి కావాలన్నది ఆయన చివరి కోరిక. 1919లో తరంగంబాడిలో జరిగిన సమావేశం దగ్గర మొదలుపెట్టి పాతికేళ్లు దానికోసం తిరిగారు. చూడటానికి ఆయన మిగల్లేదు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడింది, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన నలభై మూడు రోజులకు. మా ఊళ్లో పంట మార్పిడికి పెసర వేస్తాం. కాయ కోసుకుని చెట్టు పీకేసినా దాని వేరుబుడిపెలు పట్టిన నత్రజని కొంత భూమిలో మిగులుతుంది. తర్వాతి పంట పచ్చగా లేస్తుంది, పెసరను ఎవరూ తలుచుకోరు.

మళ్లీ చీపురు దగ్గరికి

ఇదంతా చదువుతుండగా నాకు 2021 మే నెల గుర్తుకొచ్చింది. రెండో విడత కరోనా. మా నాయనమ్మ ఇంట్లోనే పోయింది. నాకప్పుడు పదహారేళ్లు. దగ్గరి చుట్టాలు ఫోనులో ఏడ్చారు గాని, గడప తొక్కలేదు. వాళ్లనూ తప్పుపట్టలేను, అందరికీ పిల్లలున్నారు. మధ్యాహ్నం దాటింది. ఎండ మండిపోతోంది. నాయన ఒక్కడే గడ్డపార తీసుకుని బయల్దేరబోతుంటే, సంఘంలోంచి ముగ్గురు మనుషులు వచ్చారు. వానకోట్లు తొడుక్కుని, ముఖాలకు తువ్వాళ్లు చుట్టుకున్నారు. అందులో ఒకాయన మా గుళ్లో గంట కొట్టే మనిషి. ఆదివారం గంట కొట్టడం, దీపాలు వెలిగించడం తప్ప ఆయనకు ఇంకో పని లేదనుకునేవాణ్ణి. స్నేహితులతో కలిసి ఆయన నడకను వెక్కిరించినవాణ్ణి కూడా. ఆ గట్టి నేలలో ఆయన ఆరడుగుల గొయ్యి తవ్వాడు. తవ్వి, దించి, మన్ను పూడ్చి, చేతులు కడుక్కుని, మంచినీళ్లు కూడా పుచ్చుకోకుండా పోయాడు. ఆ రోజు మా ఇంటికి వచ్చిన సంఘం ఆ ముగ్గురే.

దాన్ని వెట్టి అనగలమా? ఎవరూ వాళ్లను పిలవలేదు, ఎవరూ ఆజ్ఞాపించలేదు. మా ముత్తాత చేతిలోని చీపురు, తాత చేతిలోని చీపురు చూడటానికి ఒక్కటే. ఒకటి కాదనే వీలు లేనిది. ఇంకొకటి కాదనే వీలు ఉండీ పట్టుకున్నది. నాకున్న ఆ వీలు మా ముత్తాత కష్టం మీద, బడి పెట్టినవాళ్ల కష్టం మీద వచ్చింది. దాన్ని నేను పరీక్షలున్నాయని అబద్ధం చెప్పడానికి ఖర్చుపెట్టాను.

మరుసటి ఆదివారం ఏడింటికి మందిరానికి పోయాను. తాత అప్పటికే మెట్ల మీద కూర్చుని మోకాళ్లు నొక్కుకుంటున్నాడు. నేను వచ్చినందుకు ఆశ్చర్యపోలేదు, మెచ్చుకోలేదు కూడా. చీపురు ఎక్కడుందో చూపించాడు. నేను గబగబా ఊడ్వడం మొదలుపెడితే దుమ్మంతా లేచింది. ఆగమని, ముందు నీళ్లు చిలకరించాలని, తలుపు వైపు కాకుండా మూల నుంచి మొదలుపెట్టాలని చెప్పాడు. చెలక దున్నే ఇంట్లో పుట్టి ఆ మాత్రం తెలియకపోవడం నా చదువు గొప్పతనం! ఇప్పుడు నెలకో ఆదివారం నా వంతు. ఇద్దరు సాఫ్ట్‌వేర్ అన్నలు, ఇంటర్ చదివే ఒక చెల్లెలు మిగతా వంతులు తీసుకున్నారు.

మిత్రులారా, మనలో ఒకరు సైంటిస్టు అవుతారు, ఒకరు కలెక్టరు అవుతారు, చాలామంది మామూలు ఉద్యోగులమవుతాం. మెస్సులో ఎంగిలి ప్లేటు తీసినా, ఎన్.ఎస్.ఎస్. క్యాంపులో తట్ట మోసినా, అది ఫోటో కోసం కాకుండా చేద్దాం. పై మెట్టు ఎక్కిన రోజున కింది మెట్టు మన కాళ్ల కింద ఉందో లేదో చూసుకుందాం. అజరయ్య గారు ముప్పై రెండేళ్లు బిషప్‌గా ఉన్నారు. డీకను పదవి మాత్రం 1909 నుంచి చివరి ఊపిరి దాకా ఆయన మీదే ఉంది.

వచ్చే ఆదివారం నా వంతు. తాత ఈసారి కుండ కడగడం నేర్పిస్తానన్నాడు.